నాలుగో మనిషిగా వెళ్లిన రాయి

1994 ఫిబ్రవరి 6, ఆదివారం, పొద్దున పది గంటల నలభై నిమిషాలకు మా బావ గంగారెడ్డి బాన్సువాడలో మా ఇంటి వాకిట్లోకి జీపు తోలుకొచ్చి ఆపారు. గోడగడియారానికి ఆదివారం ఆదివారం కీ ఇచ్చే పని నాది. స్టూలు మీద నిలబడి కీ తిప్పుతుండగా హారన్ మోగింది, అందుకే టైము అంత కచ్చితంగా గుర్తుంది. బావ అంటే మా ఆయనకు అన్న, ఇంటికి పెద్ద. సికింద్రాబాదులో పాత మిలిటరీ బండ్ల హర్రాజుకు పోయి తెచ్చారు దాన్ని. ఆకుపచ్చ రంగు సగం పోయింది, పైన కాన్వాసు గుడ్డకు మూడు అతుకులు. వాకిలంతా డీజిలు వాసన, తడిసి ఆరిన గోనెపట్టా వాసన కమ్ముకుంది. మా అత్తమ్మ నాలుగు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టింది. బస్టాండు దగ్గర మెకానిక్ షెడ్డు నడిపే ఖాజా, బావకు చిన్ననాటి దోస్తు, బండి పక్కన నిలబడి, "అవ్వా, గిది ఫోర్ వీల్ బండి. నాలుగు చక్రాలు తిరుగుతయ్" అన్నాడు గొప్పగా. అత్తమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి, "ఏ బండికైన నాలుగు తిరగవారా? మూడు తిరిగి ఒకటి కూసుంటదా?" అంది. ఖాజా నవ్వి గేరు రాడు పక్కనే ఉన్న ఇంకో పొట్టి రాడు చూపించాడు. "మామూలు బండికి ఎనక చక్రాలే నూకుతయ్ అవ్వా. ముందటియి ఊకె ఎంబడి పోతయ్. గీ చిన్న రాడు గుంజినమంటే ముందటియి గూడ పని చేస్తయ్. బురదల గానీ, ఇసుకల గానీ, ఫికరే లేదు." బావకు ఆ ఇసుక అన్న మాట దగ్గర బుద్ధి ఆగిపోయింది. "అయితే ఇగ మంజీరల దిబ్బ మీదికి పోదాం రా. మూడు దినాలు. చేపలు పట్టుడు, వండుకొని తినుడు, ఆడనే పండుడు" అన్నారు. నిమ్మకాయలు ఇంకా చితకలేదు, అప్పటికే ప్రయాణం ఖాయమైపోయింది.

పోయిన నెల బావ కాలం చేశారు. పదో రోజు కార్యానికి ఆ పాత ఇంటికి పోయినప్పుడు, పెరట్లో బట్టలుతికే బండ పక్కన ఒక నల్లరాయి కనబడింది. గుండ్రంగా, పైభాగం చదునుగా ఉంటుంది. ఒక వైపు పట్టిన మసి మాత్రం ముప్పై ఏళ్ల వానలకు కూడా పోలేదు. అది రెండున్నర కిలోల బరువని నాకు తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు దాన్ని తూచి బడికి తీసుకుపోయి పిల్లలకు బరువు అంటే ఏమిటో చెప్పాను. మిగతా రోజుల్లో అది మా ఊరగాయ జాడీ మూత మీద ఉండేది. చేత్తో ఎత్తి చూశాను. అంతే ఉంది. దాన్ని వెంట తీసుకుని ఇంటికి వచ్చాక రెండు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. మూడో రోజు బీరువా అడుగు నుంచి గళ్ల నోటుబుక్కు తీసి, ఇది రాయడం మొదలుపెట్టాను.

అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్లు. ఆడపిల్లల బడిలో లెక్కల టీచరును. చిన్న తరగతులకు సాంఘికం చెప్పేవాళ్లు లేకపోతే అదీ నేనే చెప్పేదాన్ని. 'నాలుగు వైపులా నీరు గల భూభాగాన్ని ద్వీపం అంటారు' అని బోర్డు మీద రాసి, సుద్దతో ఒక వంకర గుండ్రం గీసి, చుట్టూ అలలు వేసేదాన్ని. పదిహేను సంవత్సరాలు గీశాను. బాన్సువాడకు కోడలిగా వచ్చాక నేను నడిచింది ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి. పెళ్లిళ్లకు, చావులకు బస్సులో పోయి వచ్చాను. నేను గీసిన గుండ్రంలో ఒకసారి నిలబడి నాలుగు వైపులా తిరిగి చూడాలని ఉందని ఎవరితో చెప్పినా నవ్వేవారు, కాబట్టి చెప్పలేదు. బావ ఏటి నడుమ ఇసుక దిబ్బ అనగానే మాత్రం చేతిలో కీ అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. నేనూ పోవాలి అనుకున్నాను. ఆ రోజు నుంచి ముప్పై తొమ్మిది రోజులు నాకు ఇంకో ఆలోచన లేదు.

ప్రయాణం వెంటనే కుదరలేదు. ఆ వారంలోనే రంజాన్ నెల వచ్చింది. ఖాజా లేకుండా ఆ బండి తోలే ధైర్యం బావకు లేదు, రోజా ఉన్న మనిషిని ఎండలో ఇసుకలోకి తీసుకుపోయే ఆలోచనా లేదు. పండుగ కాగానే పోదామన్నారు. అందుకని నెలకు పైగా మా ఇంట్లో సాయంత్రాలన్నీ ఆ దిబ్బ మీదే గడిచాయి. పొద్దు వాలుతుంటే పొలం నుంచి బెల్లం వండే పొగ వాసనతో మా ఆయన, బావ వచ్చేవారు. ఎదురింటి అరుగు మీద ఆడవాళ్లు బీడీలకు ఆకు కత్తిరిస్తుంటే కత్తెరల చప్పుడు ఒక్క లయలో వినిపించేది. అత్తమ్మ పిడకల దాలిలో పాలకుండ దించి, చేతులు బూడిదతో రుద్దుకుని కడుక్కుని, గడప మీద కూర్చునేది. నేను మిగిలిన పేపర్లు దిద్ది, ఈ నోటుబుక్కు పట్టుకుని మెట్ల మీద కూర్చునేదాన్ని. నన్నెవరూ రాయమనలేదు. బావ గాలిలో చేతులు తిప్పుతూ "బియ్యం ఒక సంచి పడేద్దాం" అంటే నాకు ఉండబట్టలేక, పూటకు మనిషికి నూట యాభై గ్రాములు, ఆరు పూటలు అని లెక్క కట్టి, "సంచి ఎందుకు బావా, నాలుగున్నర కిలోలు చాలు" అన్నాను. అప్పటి నుంచి లెక్క నాదైపోయింది. బావ అయితే "రాసినవా?" అని మాత్రం అడిగేవారు. ఏం రాశానో ఒక్కసారీ చూడలేదు.

చూసి ఉంటే ఒకటి తెలిసేది. పోయేది నలుగురని వాళ్ల మాట: బావ, మా ఆయన, ఖాజా, సాయిలు. నూట యాభై గ్రాములు, ఆరు పూటలు, నలుగురికి మూడు కిలోల ఆరు వందలు అవుతుంది. నాలుగున్నర కిలోలు ఐదుగురికి. నీళ్లూ ఐదుగురికే, దుప్పట్లూ ఐదే, మొదటి రోజుకు జొన్నరొట్టెలు మనిషికి నాలుగు చొప్పున ఇరవై. ప్రతి పేజీలో నన్ను నేను కలుపుకున్నాను. నోటితో అడగడం కన్నా అది సులువనిపించింది. ఎవరో ఒకరు కనిపెట్టి "ఐదోది ఎవరు?" అంటారని, అప్పుడు చెప్పాలని అనుకున్నాను.

సాయిలు గురించి చెప్పాలి. పిట్లం అవతల మంజీర ఒడ్డు ఊరు వాడిది, చేపలు పట్టే ఇల్లు. ప్రతి శుక్రవారం పొద్దున బస్సులో గంప దించుకుని మా వాకిట్లోకి వచ్చేవాడు. ముందు మాకు ఇచ్చి, తర్వాత అంగడికి పోయేవాడు. పొట్టిగా, కళ్లు ఎప్పుడూ ఎండలోకి చూస్తున్నట్టు చికిలించి ఉండేవాడు. గంప దించగానే అత్తమ్మ చేపల చెవులు ఎత్తి చూసి, "నిన్నటియి తెచ్చినవా ఏంది?" అని ప్రతి వారం అనేది. "అవ్వా, గివి పొద్దుగాల నాతోని మాట్లాడినయ్" అని ప్రతి వారం అదే జవాబు చెప్పేవాడు. ఇద్దరూ నవ్వేవారు. బావ, సాయిలు అరుగు మీద పక్కపక్కన కూర్చుని చాయ్ తాగేవారు. బావ ఊళ్లో అలా పక్కన కూర్చోబెట్టుకున్న మనుషులు తక్కువ. దిబ్బ సంగతి వినగానే సాయిలు ఉత్సాహంగా, "ఎండకాలం సురువైతే ఏరు సన్నగైతది పటేలా. దిబ్బకు ఈ పక్క పాయ మోకాలి లోతే. జీపు దాటుతది, నేను ముందట నడుస్త, నా ఎంబడి తోలుకరాండ్రి" అన్నాడు. నేను తొంభై లీటర్ల నీళ్లు రాశానంటే మాత్రం చేతిలో చాయ్ ఒలికేలా నవ్వాడు. "ఏట్లకు నీళ్లు మోసుకపోతరా అమ్మా? ఇసుకల చేతితోని చెలిమ తోడితే కొబ్బరినీళ్ల తీరు నీళ్లొస్తయ్." నేను తొంభై కొట్టేసి ఇరవై రాశాను. అయితే ఒక విషయంలో వాడూ నన్ను మెచ్చుకున్నాడు. పొయ్యికి మూడు రాళ్లు అని రాశాను. "దిబ్బ మీద అన్నీ ఇసుకే అన్నవు కదా, రాళ్లెక్కడివి?" అన్నాను. సాయిలు బావ వైపు తిరిగి, "పటేలా, గీ అమ్మను తోలుకపోతె మనకు ఆకలుండది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట రాత్రి దాకా నెమరు వేసుకున్నాను.

ప్రయాణం మార్చి 17 గురువారం పొద్దున ఆరింటికి అని తేలింది. తిరుగు ప్రయాణం శనివారం. ఆ వారం మంగళవారం నాడు, మా ఏడో తరగతిలో చదివే ఒక పిల్ల తండ్రి బడికి వచ్చాడు. కాలువ తూముల దగ్గర పనిచేసే లష్కర్ ఆయన. మాటల్లో, కింది పొలాల ఆఖరి తడికి పై ప్రాజెక్టు నుంచి శనివారం సాయంత్రం ఆరింటికి ఏట్లోకి నీళ్లు వదులుతున్నారని, ఊళ్లలో చాటింపు వేయిస్తారని చెప్పాడు. దిబ్బ దగ్గరికి ఎన్ని గంటలకు చేరుతాయని అడిగాను. "తెల్లారేసరికి నిండుతది మేడం" అన్నాడు. ఇంటికి వచ్చి నోటుబుక్కు ఆఖరి పేజీలో ఎర్ర పెన్సిలుతో రాశాను: 'శనివారం మధ్యాహ్నం రెండు లోపల ఇవతలి ఒడ్డుకు.' కింద రెండు గీతలు గీశాను. వెంట నేను ఉంటాను కదా, రెండింటికి అందరినీ లేపుతాను కదా అని వేరుగా ఎవరికీ చెప్పలేదు. మర్నాడు బడిలో గురు, శుక్ర, శనివారాలకు సీఎల్ రాసిచ్చాను. పదో తరగతి పరీక్షల ముందు మూడు రోజులు సెలవు పెట్టడం నా సర్వీసులో అదొక్కసారే. హెడ్మిస్ట్రెస్ కళ్లద్దాలు దించి చూసి, "ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?" అన్నది. "ఊరికి" అన్నాను.

గురువారం ఐదున్నరకు జీపు సర్ది ఉంది. నా చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, పాత చెప్పులు వేసుకుని, రొట్టెల మూట కడుతున్నాను. అప్పుడే పిట్లం నుంచి వచ్చిన మొదటి బస్సు మనిషి ఒకడు కబురు తెచ్చాడు. సాయిలు బిడ్డ కాన్పైంది, మనుమడు పుట్టాడు, పురుడు. పదకొండు రోజులు వాడు వల పట్టుకోడు, ఏట్లో దిగడు. వాడు లేకున్నా పోదామని బావ అంటే, బయలుదేరే గడప మీద ఇట్లాంటి కబురు వినబడితే ఆ రోజు కదలరాదని అత్తమ్మ కూర్చుంది. రేపు పోదామన్నారు. ఆ రోజంతా బావ ఇంకో మనిషి కోసం ఊరంతా తిరిగారు. ఒకరికి కోత, ఒకరికి కోర్టు వాయిదా. నేను ఇంట్లో ఆ గది నుంచి ఈ గదికి తిరిగాను. నా లెక్కలో ఇప్పుడు నలుగురు. అదే లెక్క వాళ్లకూ తడుతుందని ఎదురుచూశాను.

శుక్రవారం పొద్దున ఆరున్నరకు ముగ్గురూ జీపు దగ్గర నిలబడ్డారు. అత్తమ్మ గడపలోకి వచ్చి వేళ్లు మడిచి లెక్కపెట్టింది. చారెడు, పిడికెడు తప్ప కొలతలు తెలియని మనిషి, ఆ రోజు లెక్కపెట్టింది. "ముగ్గురు పోతరురా? ముగ్గురు పోవద్దు. పోయిన పని కాదు" అంది. బావ చిరాకుగా తల గోక్కున్నారు. "నాలుగో మనిషిని నేనున్న కదా" అన్నాను.

మొదట నవ్వింది ఖాజా, పరాచికమనుకుని. తర్వాత బావ. "ఏట్లకు ఆడోళ్లేంది సుగుణా! వంట ఫికర్ పెట్టుకోకు, మేం వండుకుంటం తీ" అన్నారు, ఆప్యాయంగానే. అత్తమ్మ, "దానికి బడి లేదా?" అంది. "మూడు రోజులు సెలవు పెట్టిన అత్తమ్మా" అన్నాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన వంగి, ముందు చక్రంలో గాలి ఉందా లేదా అని బొటనవేలితో నొక్కి చూస్తున్నారు. ఆ చక్రాన్ని ఖాజా అంతకుముందే చూశాడు. చాలాసేపు నొక్కారు.

అత్తమ్మ లోపలికి పోయి, ఊరగాయ జాడీ మీది రాయిని రెండు చేతులా పట్టుకుని వచ్చింది. దానికి పసుపు బొట్టు పెట్టి, ముందు సీట్లో ఖాజా పక్కన కూర్చోబెట్టింది. "ఇగ నలుగురైండ్రు. పోండ్రి" అంది. ముగ్గురైతే రాయిని నాలుగో మనిషిగా వెంట పెట్టుకుని పోవడం మా వైపు అందరూ చేసేదే. నేనూ చిన్నప్పుడు బంధువుల ఇళ్లకు పోతూ గులకరాయి కొంగున కట్టుకున్నాను. కానీ అది కూర్చున్న సీటు మాత్రం నేను రాత్రి గుడ్డతో తుడిచిన సీటు.

బావ ఇంజను స్టార్టు చేసి, "మూడు దినాలంటే మూడు దినాలే. ఆదివారం మాపటికి వస్తం" అన్నారు. ఆదివారం అన్న మాట విన్నాను. నోటుబుక్కు నా చేతిలోనే ఉంది. ఆఖరి పేజీ మీద నా బొటనవేలు ఉంది. ఒక్క వాక్యం చెబితే సరిపోయేది: శనివారమే రండి, నీళ్లు వదులుతున్నారు. చెప్పలేదు. మర్చిపోయీ కాదు, టైము దొరకకా కాదు. జీపు వెనక్కి తీసి, మలుపు తిరిగి, చప్పుడు బస్టాండు వైపు పోయేదాకా గడపలో నిలబడే ఉన్నాను. అడగనివాళ్లకు చెప్పడం ఎందుకనుకున్నాను. పొయ్యి రాళ్లు మూడూ అరుగు మీదే మిగిలిపోయాయి. అవీ చూశాను, పిలవలేదు.

శనివారం పొద్దున దాకా ఆ మొండితనం నిలిచింది. పదింటికి బియ్యంలో రాళ్లు ఏరుతూ, ఏరినవి మళ్లీ బియ్యంలోనే వేశాను. అత్తమ్మ చూసి, "దిక్కులు చూసుకుంట ఏరుతున్నవేంది?" అంది. పెద్దవాళ్లు, నీళ్లు పెరిగితే కనబడదా అనుకున్నాను. నిద్రలో ఉంటే కనబడదని నేనే జవాబు చెప్పుకున్నాను. పన్నెండింటి బస్సుకు పోదామని చీర మార్చుకున్నాను, పోయి ఏం చెప్పాలో తోచక మళ్లీ కూర్చున్నాను. ఆరు కొట్టినప్పుడు గడియారం ఎదుట నిలబడి ఆరు దెబ్బలూ విన్నాను. అప్పటికి ఆఖరి బస్సు పోయింది.

ఆదివారం ఐదున్నరకు మొదటి బస్సు ఎక్కాను. అక్క వాళ్లింటికి పోతున్నానని అత్తమ్మతో చెప్పాను. పిట్లంలో దిగి, గడ్డి కోసం పోతున్న ట్రాక్టరు మీద మడ్‌గార్డు పట్టుకుని నిలబడి, ఎనిమిదీ పదికి సాయిలు ఊరు చేరాను. వాడు వాకిట్లో వేపపుల్ల నములుతున్నాడు. నన్ను చూసి లేచాడు. "అమ్మా, నువ్వేంది?" అన్నాడు. "వాళ్లు దిబ్బ మీద ఉన్నరు" అన్నాను. పుల్ల కింద పడేశాడు. "పటేల్ పోయిండా? నేను రాకున్నా? నిన్న మాపు చాటింపైంది అమ్మా, నీళ్లొస్తున్నయని! వాళ్లు పోనే లేదనుకున్న!" అంటూనే గోడకు ఆనించిన తెప్ప వైపు ఉరికాడు. లోపల నుంచి భార్య "పురుడుల ఏట్ల దిగుతవా?" అని అరిచింది. "మనుషులు పోతుంటే పురుడేందే" అన్నాడు.

ఒడ్డుకు పోయేసరికి ఏరు బురద రంగులో నిండుగా పారుతోంది. మోకాలి లోతు పాయ ఎక్కడుండేదో తెలియదు. నీళ్ల మధ్య పొడుగ్గా, తెల్లగా దిబ్బ ఉంది. నేను ముప్పై తొమ్మిది రోజులు కాగితం మీద కట్టిన దిబ్బను మొదటిసారి చూశాను. దాని ఎత్తైన కొస మీద ముగ్గురు మనుషులు నిలబడి ఉన్నారు. జీపు పల్లపు వైపు, నీళ్లలో, కాన్వాసు పైభాగం మాత్రం కనబడుతోంది. బానెట్ మీద కూర్చుని గాలం వేయడానికి బావ దాన్ని నీటి అంచున పెట్టారట. తెల్లారుజామున చప్పుడుకు లేచి స్టార్టు చేస్తే, ఖాజా ఆ చిన్న రాడు కూడా లాగాడు. నాలుగు చక్రాలూ తిరిగాయి. తిరిగినకొద్దీ తడి ఇసుకలోకి దిగిపోయింది.

సాయిలు రెండు సార్లు తెప్ప వేశాడు. మొదట బావను, తర్వాత మిగతా ఇద్దరినీ తెచ్చాడు. మా ఆయన ఒడ్డున దిగినప్పుడు ఆయన చేతుల్లో తువ్వాలు మూట ఉంది. వలలు, గిన్నెలు, దుప్పట్లు అన్నీ వదిలేసి అదొక్కటి తెచ్చారు. విప్పితే రాయి. ఒక వైపు నల్లగా మసి. పొయ్యికి ఈ రాయి ఒకటి, జాకీ ఒకటి, డీజిలు డబ్బా ఒకటి పెట్టి వండుకున్నారట. "అమ్మ అడుగుతది. నాలుగో మనిషిని ఇడిసిపెట్టి వస్తమా?" అన్నారాయన, నవ్వబోయి. నేను ఆయన ముఖంలోకి చూస్తే నవ్వు ఆగిపోయింది.

బావ తడి బట్టలతో వణుకుతూ నా వైపు తిరిగారు. "సుగుణా, నీకెట్ల తెలిసింది?" అని అడిగారు. నిందగా కాదు, నిజంగా తెలియకనే అడిగారు. చెప్పడానికి అదే సమయం. నేను, "సాయిలు కబురు పంపిండు" అన్నాను.

ఆ లెక్క తప్పని ఎవరైనా పట్టుకోగలిగేవారు. ముందు రోజు మాపటికి చాటింపైతే, ఆఖరి బస్సు పోయాక బాన్సువాడకు కబురు ఎలా వస్తుంది? ఎవరూ లెక్క చూడలేదు. బావ సాయిలు వైపు తిరిగారు. "నీకు నిన్ననే తెలుసా? తెల్సి గూడ మాకు చెప్పకుంట ఇంటికి కబురు పంపి, పొద్దెక్కేదాంక ఇంట్ల కూసున్నవా?" సాయిలు చేతిలో తెప్ప తాడు ఉంది. నన్ను చూశాడు. వాడి కళ్లు ఎప్పటిలాగే చికిలించి ఉన్నాయి, వాటిలో ఏముందో నాకు తెలియలేదు. నేను నీళ్ల వైపు చూశాను. వాడు, "తప్పైంది పటేలా" అన్నాడు. బావ, "ఇగ నా గడప తొక్కకు" అన్నారు. వాడి భార్య చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డున నిలబడి విన్నది. తడిసిన ముగ్గురికీ పొడి బట్టలు ఇచ్చింది వాళ్లే.

పన్నెండు రోజులకు నీళ్లు తగ్గితే ఇసుకలో స్టీరింగు చక్రం ఒక్కటి కనబడిందట. తవ్వి తీసి, పాత ఇనుము కింద పోయింది. ఇంట్లో ఆ సంగతి కొన్నాళ్లు బాధ, తర్వాత కథ, తర్వాత పరాచికం అయింది. పెళ్లిళ్లలో బావ చెబితే అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. కథలో సాయిలు మోసగాడు, నేను సమయానికి వచ్చిన తెలివిగల మరదలు. ప్రతిసారీ నేను అక్కడి నుంచి లేచి వంటింట్లోకి పోయేదాన్ని. చేపలు అంగట్లో కొనడం మొదలైంది. అత్తమ్మ చెవులు ఎత్తి చూసి "నిన్నటియి" అనేది, జవాబు చెప్పేవాళ్లు లేక ఊరుకునేది.

2006లో ఒకసారి బాన్సువాడ దవాఖాన ముందు సాయిలు కనబడ్డాడు. మనుమణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ గురువారం పుట్టిన మనుమడే. నన్ను గుర్తుపట్టి, "అమ్మా, పటేల్ మంచిగున్నడా?" అని అడిగాడు. "మంచిగున్నరు. సాయిలూ, నేను ఆ దినం..." అన్నాను. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇడువమ్మా. నువ్వు రాకుంటే ముగ్గురు పోయేటోళ్లు. గదే నాకు ఎరుక" అన్నాడు. ఇంటికి పోయి బావకు చెప్పేస్తానని అన్నాను. ఎండలోకి చూస్తూ తల ఊపాడు. ఇంటికి పోయేసరికి బావ భోంచేస్తున్నారు. భోజనం అయ్యాక చెబుదామనుకున్నాను. తర్వాత పండుగ వచ్చింది, తర్వాత బావకు షుగర్ వచ్చింది, అట్లా ఏదో ఒకటి. 2009 నవంబరు 3, మంగళవారం సాయిలు పోయాడని తెలిసింది. బావ "అయ్యో" అని, "మంచి తెప్ప వేసేటోడు" అన్నారు. అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు బావ పదో రోజు కార్యానికి వచ్చిన ఆయన మనుమడు సందీప్, తాత చెప్పే జీపు కథ గుర్తు చేసుకుని, తనకు ఇప్పుడు కొత్త ఫోర్ వీల్ బండి ఉందని, అందరం ఒకసారి ఆ దిబ్బ మీదికి పోయి తాత పేరు మీద ఒక పూట ఉండి వద్దామని అన్నాడు. ఫోను తీసి అక్కడే డేరా, చలిపెట్టె, గాలాలు అన్నీ చూసి పెట్టేశాడు. నేను ముప్పై తొమ్మిది రోజులు చేసిన పని వాడికి నాలుగు నిమిషాలు పట్టింది. "చిన్నవ్వా, ముందు సీటు నీదే" అన్నాడు, ఎవరూ అడగకుండానే. తర్వాత ఫోనులో మ్యాపు పెద్దది చేసి చూశాడు, పక్కకు జరిపాడు, మళ్లీ చూశాడు. "ఇక్కడ దిబ్బ ఏం లేదు కదా చిన్నవ్వా? గుంతలే ఉన్నయ్." పక్కనే ఉన్న పిట్లం చుట్టం ఒకాయన, "ఇంకెక్కడి దిబ్బ! ఇసుకంత లారీల పోయి పట్నంల ఇండ్లైంది" అన్నాడు. సందీప్ ఇంకో చోటు వెతుకుతానన్నాడు. వద్దన్నాను. మోకాళ్ల నొప్పులని చెప్పాను. మా ఆయన దూరంగా కుర్చీలో కూర్చుని, వేళ్లతో కుర్చీ చేతిని నొక్కి చూసుకుంటున్నారు. ఆయనకు ఇప్పుడు డెబ్బై నాలుగు. ఇది అచ్చైతే చదువుతారు, అప్పుడే తెలుస్తుంది.

పోయినవి రాస్తున్నాను, నోటుబుక్కులో ఖాళీగా మిగిలిన పేజీలో. జీపు ఒకటి. విసురు వల ఒకటి, గాలాలు పన్నెండు. టార్పాలిన్ ఒకటి, వెదురు కర్రలు ఆరు. దుప్పట్లు ఐదు. ఇత్తడి గిన్నెలు రెండు. నా సీఎల్ మూడు. దిబ్బ, మొత్తం. రాయి పోలేదు, నా దగ్గర ఉంది. సాయిలు మా వాకిట్లోకి రావలసిన శుక్రవారాలు, 1994 మార్చి 25 నుంచి 2009 అక్టోబరు 30 వరకు, రెండుసార్లు కట్టి చూశాను: ఎనిమిది వందల పదిహేను.